అరువిచ్చిన గొంతు

తెర మీద ఐదేళ్ళ పిల్లాడు అమ్మ కోసం వెక్కి వెక్కి ఏడుస్తుంటే హాల్లో జనం కళ్ళు తుడుచుకుంటారు. ఆ ఏడుపు ఏడ్చిన మనిషికి నలభై రెండేళ్ళని, మోకాళ్ళ నొప్పులున్నాయని, కళ్ళజోడు లేకపోతే కాగితం మీద అక్షరం ఆనదని వాళ్ళకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిస్తే టికెట్టు డబ్బులు వెనక్కిమ్మంటారు.

డబ్బింగ్ థియేటర్లో ఆమెను అందరూ బుడ్డోడు అంటారు. సౌండ్ ఇంజినీరు దగ్గర్నుంచి గేటు కాపలావాడి దాకా అదే పిలుపు. "బుడ్డోడు వచ్చిందా?" అని ఒకరడిగితే "వచ్చింది, టీ తాగుతోంది" అని ఇంకొకరు చెబుతారు. కొత్తవాళ్ళు తెల్లమొహం వేస్తారు గాని అక్కడివాళ్ళకు అది ఎప్పుడో అలవాటైపోయింది.

ఇరవయ్యో ఏట ఎవరికో తోడుగా ఆ థియేటర్‌కు వెళ్ళింది. ఆ రోజు డైలాగు చెప్పాల్సిన పిల్లాడు హెడ్‌ఫోన్ పెట్టుకునే నిద్రపోయాడు. లేపితే ఏడ్చాడు, చాక్లెట్ చేతిలో పెడితే తినేసి మళ్ళీ నిద్రపోయాడు. డైరెక్టరు జుట్టు పీక్కుంటుంటే, మూల కుర్చీలో కూర్చున్న ఈమె "నేను చెప్పనా అండీ?" అని అచ్చం ఆ పిల్లాడి గొంతుతోనే అడిగింది. అంతే, అక్కడే పాతుకుపోయింది. అప్పట్నుంచి తప్పిపోయిన పిల్లలు, జబ్బుపడ్డ పిల్లలు, విడిపోయిన అమ్మానాన్నల్ని కలిపే గడుగ్గాయిలు అందరూ ఆమె నోట్లోంచే పుట్టారు. కన్న పిల్లలు మాత్రం లేరు. ఒక పెళ్ళి కుదిరి తప్పిపోయింది, ఇంకోటి వెతికేలోపు ఆ ఊసెత్తేవాళ్ళు లేకుండా పోయారు. దానికి ఆమె పెద్దగా కుమిలిపోయింది కూడా లేదు. పక్క వీధిలోనే అక్క ఉంది. అక్కకు ఒక కొడుకున్నాడు.

ఆ పిల్లాణ్ణి ఇంటా బయటా పిడుగు అనేవారు. అక్క పిల్లల మీద ఆశ వదిలేసుకున్నాక పుట్టాడు. కాలు ఒక్కచోట నిలిచేది కాదు. ఏ మాట చెప్పాలన్నా ముందొకసారి ముక్కు ఎగబీల్చి మొదలుపెట్టేవాడు, జలుబున్నా లేకపోయినా. పిన్ని ఆ ముక్కును ఊరికే పోనివ్వలేదు. తన చేతికొచ్చిన ప్రతి పిల్ల వేషానికీ దాన్ని తగిలించింది. "మా వాడి ముక్కు సినిమాల్లోకెక్కింది, మొహమే ఇంకా ఎక్కాలి" అని అక్క వచ్చేపోయే వాళ్ళందరికీ చెప్పి మురిసిపోయేది.

రెండో తరగతిలో పరీక్షల ముందు పిడుగుకు జ్వరమొచ్చింది. మామూలు జ్వరమే అన్నారు. మామూలుది కాదని తెలిసేసరికి ఆసుపత్రిలో చేర్చారు, తర్వాత అద్దాల గదిలోకి మార్చారు, ఆ తర్వాత బావ ఒక్కడే బయటికొచ్చి గోడకు ఆనుకుని కింద కూలబడ్డాడు. ఇంతకు మించి చెప్పడం నావల్ల కాదు.

అక్క ఏడవలేదు. మొదట్లో ఒంట్లో ఓపిక లేక అనుకున్నారు. తర్వాత మాట కూడా పడిపోయింది. కూర్చోబెడితే కూర్చునేది, పడుకోబెడితే పడుకునేది. ముద్ద నోట్లో పెడితే నమిలేది, పెట్టకపోతే అడిగేది కాదు. ఎంత పిలిచినా ఉలుకూ పలుకూ లేదు. బావ బస్సు డిపోలో మెకానిక్కు. ఇంజను చప్పుడు విని రోగం చెప్పగలడు గాని, మనిషితో నాలుగు మాటలు కలపమంటే చెమటలు పడతాయి. పెళ్ళయిన ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో మాటలన్నీ అక్కే మాట్లాడింది, ఆయన ఊకొట్టాడు. ఇప్పుడు ఊకొట్టడానికి కూడా ఏమీ మిగల్లేదు.

చివరికి చెల్లెలే పట్టుబట్టి అక్కను పెద్దాసుపత్రిలో మనసు జబ్బులు చూసే విభాగానికి తీసుకెళ్ళింది. "డిపోలో ఎవరైనా చూస్తే..." అని బావ నసిగాడు. "చూస్తే చూడనీ బావా, వాళ్ళ ఇళ్ళలో మాత్రం ఎవరికీ ఏమీ లేదా!" అని నోరు మూయించింది.

అక్కడి డాక్టరమ్మ చిన్న వయసుదే. మాట కాస్త తొందర, వినడం మాత్రం నిదానం. మాత్రలు రాసింది. వారం వారం తీసుకురమ్మంది. ఆమె దగ్గర కూర్చుని మామూలుగా మాట్లాడుతూ ఉండమంది, జవాబు రాకపోయినా సరే అంది.

"ఎన్నాళ్ళకు తగ్గుతుంది మేడమ్?" అని అడిగింది చెల్లెలు.

"చెప్పలేనమ్మా. నెలలు పట్టొచ్చు. ఒక్కసారిగా తగ్గదు. కొంచెం కొంచెంగా తగ్గుతుంది, మధ్యలో మళ్ళీ వెనక్కీ వెళ్తుంది."

ఈ మాట చెల్లెలికి రుచించలేదు. ఆమె ఎరిగిన డాక్టర్లు వేరు. ఆపరేషన్ గదిలోంచి వచ్చి, కళ్ళజోడు తీసి, ఇరవై నాలుగు గంటలు గడిస్తేగాని ఏమీ చెప్పలేమనేవాళ్ళు. ఆ ఇరవై నాలుగు గంటలూ ఒక పాటలో గడిచిపోయేవి. పాట అయ్యేసరికి మనిషి లేచి కూర్చునేవాడు.

ఆమె ఏం పని చేస్తుందో తెలిశాక డాక్టరమ్మ మొహం వెలిగింది. "అయితే మీరు మా శనివారం సినిమాకు రావాలి" అంది.

ఆ శనివారం సినిమా సంగతి చెప్పాలి. మనసు జబ్బుల గురించి ఉపన్యాసమంటే రోగుల ఇంటివాళ్ళు ఒక్కరూ వచ్చేవారు కాదు, వచ్చినా కునుకు తీసేవారు. అందుకని డాక్టరమ్మ ఒక ఉపాయం ఆలోచించింది. మధ్యాహ్నం భోజనాల వేళ అయ్యాక క్యాంటీన్లో బల్లలు గోడ వారకు జరిపించి, కిటికీలకు దుప్పట్లు కట్టించి, జనం విరగబడి చూసిన సినిమాల్లోంచే ముక్కలు వేసేది. సరిగ్గా పట్టు మీద ఉన్నప్పుడు టక్కున ఆపి దీపాలు వేయించేది. "ఈయనకున్నది కోపమా, జబ్బా? మీ ఇంట్లో ఇలా జరిగితే ఏం చేస్తారు?" అని అడిగేది. జనం నోళ్ళు విప్పేవారు. తమ ఇంటి సంగతి చెప్పడానికి సిగ్గుపడేవాళ్ళు హీరో ఇంటి సంగతి దంచి చెప్పేవారు. అలా చెబుతూ చెబుతూ తమ ఇంట్లోకి వచ్చి పడేవారు.

ఒకసారి తలకు దెబ్బ తగిలి అన్నీ మరిచిపోయిన హీరోకు రెండో దెబ్బతో జ్ఞాపకం తిరిగొచ్చే ముక్క వేసింది. అందరూ నవ్వారు. ఒక రిటైరైన లెక్కల మాస్టారు మాత్రం నవ్వలేదు. ఆయన భార్య ఈ మధ్య ఆయన్నే గుర్తుపట్టడం మానేసింది. లేచి నిలబడి, "మరీ గట్టిగా కాకుండా... కొంచెం మెల్లగా తగిలితే?" అని అడిగాడు. లెక్కలు చెప్పిన మనిషి. నవ్వినవాళ్ళంతా తలలు దించుకున్నారు.

చెల్లెలు వెళ్ళిన శనివారం వేసిన సినిమా ఆమెకు తెలియంది కాదు. ఏడాదిపాటు ఆడిన సినిమా, అందులో పిల్లాడి గొంతు ఆమెదే. కొడుకు అగ్నిప్రమాదంలో పోయాడనుకుని మాట పడిపోయిన తల్లి కథ. ఎందరు డాక్టర్లు చూసినా లాభముండదు. ఒకరోజు తలుపు అవతల నుంచి "అమ్మా" అని పిలుపు వినిపిస్తుంది. తల్లి కళ్ళు కదులుతాయి. మళ్ళీ "అమ్మా". పెదవులు వణుకుతాయి. మూడోసారికి తల్లి గుండెలు పగిలేలా అరిచి కొడుకును పేరు పెట్టి పిలుస్తుంది, డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు.

దుప్పట్లు కట్టిన ఆ చీకట్లో తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. తెర మీంచి చూపు తిప్పి జనాన్ని చూసింది. మాస్టారు భుజాలు అదురుతున్నాయి. గుమ్మంలో నిలబడ్డ నర్సు, రోజూ ఇవే రోగాల మధ్య తిరిగే మనిషి, వేళ్ళతో కళ్ళు ఒత్తుకుంటోంది. ఏడవని మనిషి ఆ గదిలో లేడు.

దీపాలు వెలిగాయి. "సరే, అరిచింది, ఏడ్చింది. మర్నాడు పొద్దున ఏమైంది?" అని డాక్టరమ్మ అడిగింది.

"పాటొచ్చింది" అన్నారెవరో. అంతా నవ్వారు.

తర్వాత డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. దుఃఖం అలా ఒక్క అరుపుతో దిగిపోదని, సినిమాకు రెండున్నర గంటలే టైముంటుంది కాబట్టి వాళ్ళకు ఆ తొందర తప్పదని, మనకు ఆ తొందర ఉండకూడదని. మంచి మాటలే. చెల్లెలి చెవికెక్కలేదు. ఆమె ఇంకా తడి కళ్ళనే చూస్తోంది. ఇన్నేళ్ళ పనిలో ఆమెకు తెలిసిన పరీక్ష ఒక్కటే. వినేవాళ్ళు ఏడిస్తే సీను పండినట్టు, ఏడవకపోతే టేకు మళ్ళీ చెప్పాలి. ఇక్కడ ఆసుపత్రి నర్సే ఏడ్చింది. పైగా బయటికొస్తుంటే ఆ నర్సే చెయ్యి పట్టుకుని, "ఆ గొంతు మీదేనటగా! రాయైనా కరుగుతుందమ్మా" అంది. ఆ మాటతో ఆమె నిశ్చయించేసుకుంది.

బావకు సెలవున్న రోజు మధ్యాహ్నం సంగతి చెప్పింది. 

"డాక్టరమ్మను అడగొద్దా?" అన్నాడాయన.

"అడిగితే వద్దంటుంది. వాళ్ళకు నెలలు కావాలి. మీకు కావాలా నెలలు?"

ఆయనకు అక్కర్లేదు. ఏ మొగుడికి కావాలి?

అక్క ముందుగదిలో కుర్చీలో కూర్చుని ఉంది. చెల్లెలు వంటింట్లోకెళ్ళి తలుపు దగ్గరగా వేసి, తలుపు రెక్క మీద చెయ్యి ఆనించి నిలబడింది. నాలుక పైపంటి వెనక్కి చేర్చింది. ముక్కు ఎగబీల్చింది.

"అమ్మా! నా ఇంకో చెప్పు కనపడట్లేదు."

అవతల కుర్చీ కిర్రుమంది. గోడ గడియారం వినిపించేంత సేపు ఏమీ లేదు. ఆ తర్వాత, ఎన్నాళ్ళుగానో మూసి ఉన్న తలుపు తెరిచినట్టు బొంగురుగా, అక్క గొంతు వినిపించింది.

"మంచం కింద చూడు నాన్నా. నిన్న నువ్వే తన్నేశావు."

బావ ఉన్నపళాన నేల మీద కూర్చుండిపోయాడు. వంటింట్లో చెల్లెలు తన సొంత ఏడుపు బయటికి రాకుండా నోట్లో చీరచెంగో తువ్వాలో, చేతికేది దొరికితే అది కుక్కుకుంది. ఇక అక్క గట్టిగా అరుస్తుందనుకుంది. భోరుమంటుందనుకుంది. అక్క అరవలేదు, ఏడవలేదు.

"దొరికిందా?" అని అడిగింది.

థియేటర్లో అయితే ఈపాటికి అద్దం అవతల నుంచి ఎవరో ఒకరు ఓకే అనేవారు. హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి టీకి వెళ్ళిపోవచ్చు. ఇక్కడ ఓకే అనేవాళ్ళు ఎవరూ లేరు.

"దొరికిందమ్మా" అంది తలుపు వెనక నుంచి.

అలా మొదలైంది. రోజూ పొద్దున థియేటర్‌కు వెళ్ళే ముందొకసారి, సాయంత్రం వచ్చాక ఒకసారి పెరటి వైపు నుంచి వంటింట్లోకి దూరి పిల్లాడయ్యేది. "అమ్మా, నువ్వు తింటేనే నేను తింటా" అంటే అక్క తినేది. "తల దువ్వుకో అమ్మా, దెయ్యంలా ఉన్నావ్" అంటే నవ్వి దువ్వుకునేది. ఇల్లు ఊడ్చింది, పొయ్యి వెలిగించింది. అక్క వంట చేసే వేళకు గొంతు పడగ్గదిలోకి మారేది. తలుపు ఎక్కడ మూసి ఉంటే అక్కడ పిల్లాడుండేవాడు. ఆ తలుపు తెరిచి చూద్దామని అక్క ఒక్కసారి కూడా లేవలేదు. ఎందుకు లేవలేదో ఆలోచించే తీరిక ఈ ఇద్దరికీ లేదు.

"నెత్తిన పాలు పోశావమ్మాయ్" అన్నాడు బావ. అంత పొడుగు మాట ఆయన నోటి వెంట రావడం అదే మొదలు. మనిషి బాగానే ఉందిగా అని మాత్రలు మాన్పించాడు. ఆసుపత్రికి వెళ్ళడమూ మానేశారు.

బాగానే ఉందా? చెల్లెలు ముందు గుమ్మంలోంచి వచ్చి "అక్కా" అని తన గొంతుతో పిలిస్తే అక్క చూపు ఆమె మీదుగా దాటి గోడ మీదికి పోయేది. ఒకసారి మాత్రం పెదవుల మీద వేలు పెట్టి, "మెల్లగా. వాడు పడుకున్నాడు" అంది. చెల్లెలితో మాట్లాడిన మాట అదొక్కటే. ఆ రోజు ఇంటికెళ్ళి చాలాసేపు అద్దం ముందు కూర్చుంది. అసూయ అనడానికి నోరు రాదు. కానీ ఉన్న మనిషిని వదిలేసి లేని పిల్లాడితో కబుర్లాడుతుంటే కడుపు మండిందన్నది నిజం. అదీ తన నోటితో.

పైగా మాటలు అయిపోవచ్చాయి. ఎవరో రాసిచ్చిన డైలాగులు చెప్పడమే ఆమె పని. ఇప్పుడు తనే రాసుకోవాలి. అక్క ప్రశ్నలు కూడా ముదురుతున్నాయి. "ఎప్పుడూ లోపలే ఎందుకురా ఉంటావ్? ఇటు రా, గోళ్ళు తీస్తా" అంటుంది. "బొమ్మ వేసుకుంటున్నానమ్మా" అంటుంది చెల్లెలు తలుపు ఇవతల నుంచి. "ఏం బొమ్మ?" అంటుంది అక్క. రోజుకో బొమ్మ కల్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చేది. థియేటర్లో పని చెడింది. మామూలు సీన్లలో ముక్కు ఎగబీల్చబోయి ఆగిపోయేది. "ఏంటి బుడ్డోడా, ఇవాళ జలుబు సెలవు పెట్టిందా?" అని సౌండ్ ఇంజినీరు నవ్వించబోతే అతని మీద కసురుకుంది.

బడులు తెరిచారు. ఆ రోజు పొద్దున్నే థియేటర్లో పెద్ద సినిమా పని, ఆలస్యమైతే ఊరుకోరు. ముందుగదిలోంచి అక్క కేక వేసింది. "ఒరేయ్, బడి టైమవుతోంది. తయారయ్యావా?"

చెల్లెలు గడియారం చూసుకుంది. జవాబు దానంతటదే నోటికొచ్చేసింది. పిల్లాణ్ణి సీనులోంచి బయటికి పంపాలంటే సినిమాల్లో ఎప్పుడూ వాడే మాట, వందసార్లు చెప్పిన మాట.

"వెళ్ళొస్తానమ్మా!"

చెప్పాక హాయిగా అనిపించింది కూడా. ఇంతకాలం ఇది తట్టనేలేదే, సాయంత్రం దాకా ఇక బెంగ లేదు అనుకుంది. పెరటి తలుపు లాగి, పరుగున బస్సెక్కింది.

బడికి పంపిన తల్లి బడి వదిలే వేళకు వెళ్ళి తెచ్చుకుంటుంది. ఆ చిన్న సంగతి ఆమెకు తట్టలేదు. తల్లి కాదు గనక తట్టలేదని కొందరన్నారు గాని, ఆ మాట అన్యాయం. బావైతే తండ్రేగా, ఆయనకీ తట్టలేదు.

అక్క తల దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని, ఎన్నో నెలల తర్వాత మొదటిసారి ఒంటరిగా వీధిలోకొచ్చింది. బడి గేటు దగ్గర మిగతా తల్లులతో పాటు నిలబడింది. ఆమె ఎవరో తెలిసినవాళ్ళు పక్కకు తప్పుకున్నారు, పలకరించే ధైర్యం ఎవరికీ లేకపోయింది. గంట కొట్టారు. పిల్లలు వచ్చారు, ఎవరి చెయ్యి వాళ్ళు పట్టుకుని వెళ్ళిపోయారు. గేటు ఖాళీ అయింది. అక్క లోపలికెళ్ళి ప్రతి గదీ చూసింది. బల్లల కింద కూడా చూసింది. కాపలావాడు, "ఎవరమ్మా, ఏ తరగతి?" అని అడిగితే చెప్పింది. అతను పాతవాడే. తల అడ్డంగా ఊపి, ఆ పిల్లాడు లేడు కదమ్మా అన్నాడు. ఉన్న మాటే అన్నాడు, అతని తప్పేముంది? అక్క "పొద్దున్నేగా వచ్చాడు!" అని కేక పెట్టి, వీధిలో వెళ్ళే పిల్లల వెంట పడింది. రోడ్డు దాటుతూ స్కూటరు కింద పడింది. చెయ్యి విరిగింది.

ఆసుపత్రిలో బావ, చెల్లెలు దొంగల్లా తలలు వంచుకుని డాక్టరమ్మ ముందు నిలబడి అంతా చెప్పారు. తిడుతుందనుకున్నారు. ఆమె తిట్టలేదు.

"నా తప్పూ ఉంది" అంది. "చీకట్లో మీ గొంతు వినిపించాను. దీపాలేశాక నా గొంతు వినిపించాను. ఏది నిలుస్తుందో నేను తెలుసుకోవాల్సింది." తర్వాత చెల్లెలి వైపు తిరిగి, "ఆ గొంతు ఇక వినపడకూడదు. అలాగని చడీచప్పుడు లేకుండా ఆపేస్తే పిల్లాడు మళ్ళీ ఎక్కడో తప్పిపోయాడని మీ అక్క వెతుకుతూనే ఉంటారు. ఎవరిదో ఆవిడకు చెప్పాలి. మీరే చెప్పాలమ్మా. నేను పక్కనే ఉంటాను" అంది.

చెల్లెలు రేపు, ఎల్లుండి అని వాయిదా వేసింది. ఈలోపు శనివారం వచ్చింది.

ఈసారి డాక్టరమ్మ అదే సినిమా, అదే ముక్క వేసింది. కానీ సౌండు పూర్తిగా తీసేసింది, దీపాలు కూడా ఆర్పలేదు. వెలుతుర్లో, చప్పుడు లేకుండా, తెర మీద ఒక ఆడమనిషి కళ్ళు అటూ ఇటూ తిప్పింది. అతికించిన రెప్పవెంట్రుకలు కనిపించాయి. నోరు తెరిచింది, మూసింది. ఎవరూ ఏడవలేదు. వెనక వరసలో ఎవరికో తుమ్మొచ్చింది. అప్పుడు తెర మీది తలుపు తెరుచుకుని పిల్లాడు లోపలికి వచ్చాడు. నోట్లో ఏదో నములుతూ వచ్చి తల్లి ఒళ్ళో పడ్డాడు.

చెల్లెలు కుర్చీలో ముందుకు వంగింది. ఈ సీనుకు గొంతు చెప్పేటప్పుడు వందసార్లు చూసింది, చూసిందల్లా పెదవుల్ని మాత్రమే. ఎక్కడ తెరుచుకున్నాయి, ఎక్కడ మూసుకున్నాయి అనే లెక్క. పిల్లాణ్ణి ఎప్పుడూ చూడలేదు. ఆ సినిమాలో గొంతు వెనకాల ఒక పిల్లాడున్నాడు. తలుపు తీస్తే వచ్చాడు.

"మర్నాడు పొద్దున ఏమవుతుంది?" అని డాక్టరమ్మ మామూలుగానే అందరినీ అడిగింది.

చెల్లెలు లేచి నిలబడింది. "పిల్లాడు లేకపోతే, మర్నాడు పొద్దున కూడా పిలవాల్సి వస్తుంది" అంది. "ఆ మర్నాడు కూడా. పిలుపు ఆపిన రోజు ఆ తల్లికి బిడ్డ రెండోసారి పోతాడు. మా అక్కకు నేను అదే చేశాను." మాస్టారు తన పక్క కుర్చీ మీది సంచీ తీసి, అక్కడ కూర్చోమని చేత్తో చూపించాడు.

ఆ సోమవారమే చెప్పింది. అక్క ఆసుపత్రి మంచం మీద కూర్చుని ఉంది, చేతికి కట్టు. బావ కిటికీ దగ్గర, డాక్టరమ్మ మంచానికి అటువైపు.

"అక్కా, వంటింట్లోంచి పిలిచింది వాడు కాదు. నేను. వాడు లేడక్కా. నేనే వాడిలా మాట్లాడాను. నువ్వు మాట్లాడతావని."

అక్క మొదటిసారి చెల్లెలి మొహంలోకి చూసింది.

"పిలువు" అంది.

చెల్లెలు డాక్టరమ్మ వైపు చూసింది. ఆమె ఔననలేదు, వద్దనలేదు, కుర్చీ మాత్రం దగ్గరికి జరుపుకుంది. చెల్లెలు ముక్కు ఎగబీల్చింది.

"అమ్మా..."

నలభై రెండేళ్ళ ఆడదాని నోరు. పొడిబారిన పెదవులు, పక్కపంటికి వెండి తొడుగు. ఆ నోట్లోంచి కొడుకు వచ్చాడు. అక్క బాగున్న చెయ్యి ఎత్తి ఆ నోటిని మూసేసింది. ఊపిరాడనంత గట్టిగా, పన్ను గుచ్చుకుని పెదవి తెగేంత గట్టిగా నొక్కింది. అలా నొక్కి పట్టుకునే, అంతకాలం లోపల దాచిన ఏడుపంతా ఒక్కసారిగా ఏడ్చింది. వరండాలో నడిచేవాళ్ళు నడక ఆపేశారు. అది సినిమా ఏడుపు కాదు. వినేవాళ్ళు చెవులు మూసుకునే ఏడుపు.

అక్క నిజంగానే కోలుకోవడం మొదలుపెట్టింది, డాక్టరమ్మ చెప్పినట్టే కొంచెం కొంచెంగా, మధ్య మధ్య వెనక్కి జారుతూ. మాత్రలు వేసుకుంటోంది. వారం వారం వెళ్ళి డాక్టరమ్మతో మాట్లాడి వస్తోంది. బావను కూరల కోసం తరుముతోంది. "వాడు పోయినప్పుడు" అనే మాట తన నోటితో తను అనగలుగుతోంది. ఇరుగుపొరుగుతో కూడా ఒకటీ అరా మాట్లాడుతోంది.

చెల్లెలితో తప్ప.

ఇంటికొచ్చిన రోజు చెల్లెలు గుమ్మంలో నిలబడి "ఎలా ఉన్నావక్కా?" అంది, అంతే. అక్క కట్టున్న చెయ్యి ఒక చెవికీ, రెండో చెయ్యి రెండో చెవికీ అడ్డం పెట్టుకుని లోపలికెళ్ళి గడియ వేసుకుంది. మళ్ళీ వెళ్తే మళ్ళీ అంతే. కోపం కాదు. కోపమైతే కాళ్ళ మీద పడి పోగొట్టొచ్చు. ఆ గొంతు ఏ మాటన్నా దాని అడుగున పిల్లాడు వినిపిస్తున్నాడు. బావ గేటు దాకా వచ్చి, నేలచూపులు చూస్తూ, "ఏమీ అనుకోకు అమ్మాయ్... నువ్వు మాట్లాడితే దానికి..." అని మింగేశాడు. డాక్టరమ్మను అడిగితే, "అదీ మెల్లగా తగ్గొచ్చు" అంది. తగ్గుతుందని అనలేదు.

చెల్లెలు పిల్లల గొంతులు చెప్పడం మానుకుంది. ఇప్పుడు గుంపు గొంతులు చెబుతోంది. సంతలో జనం, గొడవలో జనం, దూరంగా ఎవరో పిలుచుకునే కేకలు. ఆ గోలలో తన గొంతు ఎక్కడుందో తనకే తెలియదు.

అయినా ఆదివారం ఆదివారం అక్క ఇంటికి వెళ్తుంది. నోరు తెరవదు. గిన్నెలు కడుగుతుంది, బట్టలు మడతపెడుతుంది, కట్టు విప్పాక ఇంకా సరిగా లేవని అక్క చేతికి నూనె రాస్తుంది. అక్క కాదనదు. మొదట్లో గది తలుపు వేసుకునేది, తర్వాత వేసుకోవడం మానేసింది.

మొన్న ఆదివారం జడ వేయించుకోవడానికి చెల్లెలికి వీపు చూపించి కూర్చుంది. జడ పూర్తయ్యాక లేవలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

"రేపు కూడా రా" అంది.

చెల్లెలికి ప్రాణం లేచొచ్చింది. సరే అక్కా అనబోయి ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి చప్పుడుకే అక్క భుజాలు బిగుసుకుపోయాయి. చెల్లెలు నోరు మూసుకుంది. అక్క ఇటు చూడటం లేదని తెలిసినా, తల ఊపింది.